తొలి చుక్క పోసిన చెయ్యి

పీతలదిబ్బలో ప్రతి ఇంటి కప్పు మీదా సున్నంతో గీసిన గుండ్రటి గీత ఒకటి ఉంటుంది. దాన్ని దించుడుగీత అంటారు. పాలపొడి, బీపీ మాత్రలు, వలకు దారం, పెళ్ళి శుభలేఖలు, ఏవైనా సరే డ్రోను మీద వచ్చి ఆ గీతలోనే దిగాలి. ఎవరైనా తెలియక ఆ గీతలో ఎండుచేపలు ఆరబోస్తే ఇంట్లో పెద్దవాళ్ళు కేకలేస్తారు. సముద్రం లేచి వచ్చి కృష్ణ పాయల మధ్య ఉన్న ఊళ్ళను ఒక్కొక్కటిగా కలిపేసుకున్నాక, మెరక మీద మిగిలిన కొద్దిపాటి దిబ్బల్లో ఇదొకటి. ఒడ్డుకు వెళ్ళే రోడ్డు నీళ్ళ కింద ఉంది. మనుషులకు పడవ, సరుకులకు డ్రోను. ఇప్పటి పిల్లలకు ఇందులో వింతేమీ లేదు.

ఆ రోజు మాత్రం ఆకాశం ఖాళీగా ఉంది. దిబ్బ చివర సిమెంటు గట్టు మీద మూడు డ్రోన్లు రెక్కలు ముడుచుకుని కూర్చున్నాయి. వాటి పాత బ్యాటరీలు ముందురోజే లాంచీ ఎక్కి వెళ్ళిపోయాయి. పాతవి అప్పజెపితేగాని కొత్తవి చేతికివ్వకూడదని పై ఆఫీసు నియమం. అప్పజెప్పారు. కొత్తవి వచ్చాయి. అయితే కొత్త బ్యాటరీ తొలి ఛార్జి కాకుండా ఎందుకూ పనికిరాదు. సరిగ్గా ఈ సందు చూసుకుని, తెల్లవారకముందే వలలు తీయడానికి వెళ్ళిన పోతురాజు పడవ కనబడకుండా పోయింది.

పొద్దుటి నుంచి తూర్పు గాలి విసిరి కొడుతోంది. పడవలో రేడియో పలకడం లేదు. పాయ సముద్రంలో కలిసే మొగలో ఉండే గస్తీ బోటు వాళ్ళను అడిగితే, "ఈ గాలిలో గుడ్డిగా ఎక్కడని ఎతుకుతాం? ఎక్కడున్నాడో చెప్పండి, ఎల్లి తెస్తాం," అన్నారు. అది చెప్పగలిగింది డ్రోను ఒక్కటే. అదీ చీకటి పడేలోపల. ఆ తరవాత పోతురాజు మీద ఆశ వదులుకోవలసిందే.

గట్టు మీది గదిలో డాక్టర్ వకుళ నుదురు రుద్దుకుంటూ నిలబడి ఉంది. ఈ కొత్త బ్యాటరీని కనిపెట్టిన బృందానికి పెద్ద ఆమే. నిదానంగా, పద్ధతి ప్రకారం తొలి ఛార్జి చేయిద్దామని బెజవాడ నుంచి వచ్చింది. ఇప్పుడు ఆ చిన్న గదిలో సగం దిబ్బ ఉంది. తడిసిన బట్టల వాసన, చేపల వాసన, అందరూ ఒకేసారి మాట్లాడటం.

పాత బ్యాటరీ కుండలాంటిది. పోసినంత పోసుకుంటుంది, వంచినంత ఇస్తుంది. ఎప్పుడు ఇవ్వాలి, ఎప్పుడు ఆపుకోవాలి అన్నది డ్రోను మెదడు తేల్చేది. ఆ మెదడు ఎంత తెలివైనదైనా గాలివానలో ఎంతవరకు తెగించాలో దానికి తెలిసేది కాదు. కొన్ని డ్రోన్లు చినుకు పడగానే తిరిగొచ్చేవి. కొన్ని ఆఖరి బొట్టు దాకా ఎగిరి సముద్రంలో పడేవి. అందుకని వకుళ బృందం ఆ తీర్పును బ్యాటరీకే అప్పగించింది. లోపలి ద్రవంలో దారాల్లాంటి అణువులు ఉంటాయి. తొలి ఛార్జిలో అవి వల అల్లినట్టు అల్లుకుంటాయి. ఒకసారి అల్లుకున్నాక ఆ అల్లిక జన్మలో మారదు. దానికి నేర్పుకణం అని పేరు పెట్టారు.

ఆ అల్లిక ఎలా ఉండాలో నేర్పేది మనిషి. ఛార్జి అవుతున్నంతసేపూ ఒకరు ఇనప పిడి పట్టుకుని తెర ముందు కూర్చోవాలి. తెర మీద డ్రోను ప్రయాణాలు ఒకదాని తరవాత ఒకటి వస్తాయి. ఎదురుగాలి, ఉరుము, తరిగిపోతున్న ఛార్జి. ముందుకు వెళ్ళాలనుకుంటే పిడి బిగించాలి, వద్దనుకుంటే వదులు చేయాలి. ప్రతి ప్రయాణం చివరా ఒక మనిషి చెయ్యి చాపి నిలబడి ఉంటాడు. ఆ చేతికి సరుకు అందిస్తే ప్రయాణం పూర్తయినట్టు. పిడి మాటలు వినదు. చేతిని వింటుంది. మనిషికే తెలియని సన్నటి వణుకును కూడా పట్టుకుని బ్యాటరీకి అందిస్తుంది. ఆ తరవాత బ్యాటరీ ఆ మనిషి స్వభావంతోనే బతుకుతుంది.

ఇదంతా వివరించడానికి వకుళ బొమ్మలు, పటాలు తెచ్చింది. వాటి అవసరం రాలేదు. పుట్టిన బిడ్డ నాలుక మీద తొలి తేనెచుక్క ఎవరు వేస్తే వాళ్ళ గుణాలు వస్తాయని దిబ్బలో అందరికీ తెలుసు.

"అంతే గదమ్మా, దీనికి తొలి చుక్క పొయ్యాలి," అన్నారు.

"అలాంటిది కాదండీ. ఇది శాస్త్రం," అంది వకుళ.

"శాస్త్రమే. మేమూ అదే అంటన్నాం."

సగం జీవితం పోసి కనిపెట్టినదాన్ని ఒక్క ముక్కలో తేల్చేసినందుకు ఆమెకు ఒళ్ళు మండింది. అయినా వాదించే సమయం కాదు. అసలైతే పిడి పట్టే మనిషికి ముందు స్వభావ పరీక్ష చేయాలి. నెమ్మది, తెగింపు సమంగా ఉన్నవాళ్ళను ఏరుకోవాలి. ఆ పరీక్ష పూర్తయ్యేసరికి పోతురాజు ఉండడు.

"చుక్క పోసే చెయ్యి మంచిదవ్వాలి. ఈ దిబ్బలో సగం మందికి తేనె నాకించింది నేనే," అంటూ సరంగు నాంచారయ్య ముందుకొచ్చాడు. పాతకాలంలో పెద్ద మరబోట్లు నడిపిన మనిషి. ఛాతీ ముందు, మనిషి వెనక.

"అందుకే గదా సగం మందికి పనికంటే కబుర్లెక్కువ," అంది ఒక మూల కూర్చున్న తిరుపతమ్మ. ఆమె పోతురాజు తల్లి. పొద్దుటి నుంచి ఏడుస్తూనే ఉంది, నోరూ ఒక్క క్షణం ఊరుకోలేదు. "కబుర్లాపి పిడి పట్టుకో నాంచారయ్యా. ఆడ నా కొడుకు నీళ్ళలో ఉన్నాడు."

వకుళకు ఇష్టం లేదు. కానీ గది గదంతా నాంచారయ్యే అంది.

నాంచారయ్య పిడి పట్టుకుని తెర మీది గాలివానను తిట్టడం మొదలుపెట్టాడు. "పోనీ! ముందుకు పోనీ! గాలా? ఈ గాలి నన్నేం చేసిద్ది? ఉప్పెనలోనే బోటు నడిపినోణ్ణి!" జనం ఈలలేశారు. గంటసేపు అదే వరస. ఛార్జి నిండింది. మొదటి డ్రోను ఝుమ్మని లేచింది. దిబ్బ చుట్టూ ఉప్పునీళ్ళలో పెరిగే మడచెట్ల దాకా వెళ్ళింది. అక్కడ గాలి తగిలింది. బుద్ధిగా వెనక్కి తిరిగి వచ్చి, గట్టు మీది దించుడుగీత మధ్యలో ఎంతో పొందిగ్గా దిగింది.

మళ్ళీ పంపారు. మళ్ళీ మడచెట్ల దాకా వెళ్ళి వచ్చింది.

"ఏమైంది?" అని వకుళ గదిలోని యంత్రాన్ని అడిగింది. గట్టు పనులన్నీ చూసే ఆ యంత్రం పేరు పలుకు.

"మెదడు ముందుకు వెళ్ళమంది. మొదటి బ్యాటరీ శక్తి ఇవ్వలేదు," అంది పలుకు.

"మిషన్లోనే ఏదో లోపం ఉంది," అన్నాడు నాంచారయ్య.

"లోపం లేదు. మీ చేతిలో పిడి వదులైన సందర్భాలన్నీ ఉన్నాయి. తెర మీద చూపించమంటారా?"

"ఏం అక్కర్లా," అన్నాడు నాంచారయ్య వెంటనే. అరచేతిని లుంగీకి తుడుచుకున్నాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తిరుపతమ్మ నవ్వలేదు. "ఉప్పెనలో బోటు నడిపాడంట. ఒడ్డున కట్టేసిన బోటు గామాల," అంది.

వకుళ కోపం పట్టలేకపోయింది. ఒక బ్యాటరీ పాడైంది. ఇక దాన్ని మార్చడానికి లేదు. జీవితాంతం మడచెట్ల దాకా వెళ్ళి వస్తూ ఉంటుంది.

"ఇక ఎవరూ దగ్గరికి రాకండి. రెండోదానికి నేనే పడతాను," అంది.

ఆమె తెర ముందు నిటారుగా కూర్చుంది. ప్రతి ప్రయాణాన్నీ లెక్కకట్టి, ఆలోచించి, బిగించాల్సిన చోట బిగించి, సడలించాల్సిన చోట సడలించింది. మంచి పని చేస్తున్నానన్న నమ్మకం ఆమెకు కలిగింది. రెండో డ్రోను రెక్కలు విప్పింది. లేవలేదు.

"రెండో బ్యాటరీ గాలి వేగం మరోసారి చూడమంటోంది," అంది పలుకు.

"ఇప్పుడే చూశాం కదా."

"చూశాం. మరోసారి అంటోంది."

చూశారు. తరవాత రెక్కల బిగింపు చూడమంది. తరవాత దిక్సూచి. తరవాత, గాలి ఈలోపు మారి ఉండవచ్చు కాబట్టి, మళ్ళీ గాలి వేగం.

"ఇదేందమ్మా, గుమ్మం దాటటానికి ముహూర్తం చూసుకుంటంది?" అంది తిరుపతమ్మ. "ఎవురి చెయ్యి ఇది?"

ఎవరి చెయ్యో అందరికీ తెలుసు. వకుళ మొహం ఎర్రబడింది. ఈ బ్యాటరీనే బయటికి తీయడానికి ఎన్ని ఏళ్ళు వాయిదా వేసిందో, ప్రతిసారీ ఇంకొక్క పరీక్ష అని ఎంతమంది మీద విసుక్కుందో ఆమెకు గుర్తొచ్చింది. డ్రోనును కాలితో తన్నాలనిపించింది. తన్నలేదు. ఒకవేళ దెబ్బ తింటే మళ్ళీ మొదటి నుంచి పరీక్షలంటుంది.

మూడోది ఒక్కటే మిగిలింది. కిటికీలోంచి చూస్తే నీళ్ళ మీద వెలుతురు పసుపు తిరుగుతోంది.

"వాడి పెళ్ళాం ఉంది గదా, దాంతో పట్టించండి," అన్నారు ఎవరో. "మొగుడి కోసం ఆరాటం పెళ్ళానికి కాక ఇంకెవురికి ఉంటది?"

నాగవేణి పొద్దుటి నుంచి గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడవలేదు, అరవలేదు. దిబ్బలో పోతురాజంటే ఇష్టం లేనివాళ్ళు లేరు. అందరికీ టీలు పోయిస్తాడు, అందర్నీ నవ్విస్తాడు. అలాంటివాడి భార్య ఇంత ముంగిలా ఉంటుందేమిటని అనుకోవడం మామూలే. ఎవరైనా పక్కకొస్తే ఒక అడుగు జరిగి నిలబడటం ఆమెకు అలవాటు. సిగ్గనుకునేవారు.

"నాకొద్దు," అంది నాగవేణి.

"ఇదేం చోద్యమే?" తిరుపతమ్మ గొంతు పెంచింది. "నీ మొగుడు ఆడ చావుబతుకుల్లో ఉంటే నాకొద్దంటావా?"

"అది కాదత్తా. నా చేతికి ఇయ్యన్నీ తెలియవు."

"తెలియాల్సిందేముంది? పట్టుకుని కూర్చోటమేగా?"

వకుళకు వేరే భయం ఉంది. సొంత మనిషి కోసం పట్టిన చెయ్యి ఎక్కడా వెనక్కి తగ్గదు. ఆ బ్యాటరీ ఎగిరి ఎగిరి సముద్రంలో పడిపోతుంది. ఆ మాటే పైకి అంది. నాంచారయ్య చిన్న గొంతుతో, "వెనక్కి తిరిగే రకం ఒకటి, కదలని రకం ఒకటి అయినయ్యి గదమ్మా. పడేదైనా వెళ్ళిద్దిగా," అన్నాడు. వకుళ పక్కకు జరిగి కుర్చీ చూపించింది.

నాగవేణి వచ్చి కుర్చీలో కూర్చుంది. పిడి పట్టుకోబోతూ ఆగి, వకుళకు మాత్రమే వినబడేలా అడిగింది. "డాక్టరమ్మా, మనసులో ఉన్నదంతా దీనికి తెలిసిపోద్దా?"

"మనసు కాదమ్మా. చెయ్యి. అంతే."

నాగవేణి తన చేతి వంక చూసుకుంది. తరవాత పట్టుకుంది.

మొదటి ప్రయాణంలోనే వకుళ ముందుకు వంగి చూసింది. నాంచారయ్య చెయ్యి సడలిన చోట ఈమె చెయ్యి సడలలేదు. వకుళ ఆగి లెక్కకట్టిన చోట ఈమె ఆగలేదు. గాలిని ఎదిరించి నేరుగా వెళ్ళలేదు. గాలి ఊపిరి తీసుకున్నప్పుడు ముందుకు, విసిరినప్పుడు పక్కకు. గాలి ఎటు మారబోతోందో మారకముందే తెలిసినట్టు. తిరిగి రావడానికి సరిపడా ఎప్పుడూ దాచుకుంటూనే ఉంది. ఇన్నేళ్ళుగా తను వెతుకుతున్న చెయ్యి ఇదే అనిపించింది వకుళకు.

ఆ ప్రయాణం చివర తెర మీద ఒక మనిషి చెయ్యి చాపాడు. పిడి వదులైంది.

"అక్కడ బిగించాలమ్మా. దగ్గరికి వెళ్ళి అందించాలి," అంది వకుళ.

"బిగించే ఉన్నానండి."

రెండో ప్రయాణం కూడా అంతే. సుడిగాలిలోంచి దారం ఎక్కించినట్టు వెళ్ళింది. చెయ్యి చాపిన మనిషి కనబడగానే పిడి వదులైంది. మూడోసారీ అంతే.

"ఎందుకు అక్కడే వదిలేస్తున్నావు? అంత కష్టమైనదంతా దాటి వచ్చి, ఇంత తేలికది దగ్గర!" వకుళ విసుగు దాచుకోలేకపోయింది.

"నేనేం వదల్లేదండి. చూడండి, పట్టుకునే ఉన్నాను." నాగవేణి వేళ్ళు చూపించింది. నిజంగానే ఆమె పట్టుకునే ఉన్నాననుకుంటోంది.

"వేళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి," అంది వకుళ. పలుకుతో, "చివరి మెట్టులో అలసట అని రాసుకో," అని చెప్పింది.

"రాసుకున్నాను," అంది పలుకు.

పొద్దుటి నుంచి ఆగకుండా తిడుతున్న తిరుపతమ్మ అప్పుడు మాట్లాడటం మానేసిందని ఎవరూ గమనించలేదు. ఆమె కోడలి చేతినే చూస్తోంది.

మూడో డ్రోనుకు నడుములో తేలుడు బెల్టు కట్టి పంపారు. మడచెట్లు దాటింది. పాయ మొగ దాటింది. తెర నిండా బూడిదరంగు నీళ్ళు, తెల్లటి నురగ. డ్రోను కిందికి జారింది, పైకి లేచింది, పక్కకు ఒరిగింది. పొద్దు ఇంకా ఉండగానే ఒక నల్లటి చుక్క కనబడింది. చుక్క పడవైంది. పడవలో ఒక మనిషి సత్తు గిన్నెతో నీళ్ళు తోడి పోస్తున్నాడు.

"పోతురాజే!" అని నాంచారయ్య కేకేశాడు. అందరూ ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. పలుకు ఆ చోటును గస్తీ బోటుకు అందించింది. వాళ్ళు బయలుదేరామన్నారు. అయితే ఆ గాలిలో చేరడానికి వాళ్ళకు సమయం పడుతుంది. ఈలోపు పడవ మునిగితే పోతురాజును తేల్చడానికి బెల్టు అందించాలి.

డ్రోను పడవ పక్కకు దిగింది. పోతురాజు తలెత్తి చూసి నవ్వాడు. చెయ్యి చాపాడు.

డ్రోను వెనక్కి జరిగింది.

పోతురాజు పడవ అంచు మీదికి వంగి ఇంకా చాపాడు. డ్రోను ఇంకా జరిగింది.

"దగ్గరికి వెళ్ళమను!" అంది వకుళ.

"మెదడు వెళ్ళమంటోంది. బ్యాటరీ శక్తి ఇవ్వడం లేదు," అంది పలుకు.

"గాలి ఎక్కువగా ఉందా?"

"గాలి దానికి లెక్క లేదు. ఆ మనిషి చేతికి అందనంత దూరంలో నిలబడాలంటోంది. చెయ్యి చాపినప్పుడల్లా ఆ దూరాన్ని కాపాడుకుంటోంది."

"సముద్రమంతా దాటి వచ్చింది! మూరెడు దూరంలో మొండికేస్తుందా!" వకుళ బల్ల మీద కొట్టింది. కోపంతో ఆమెకు కళ్ళనీళ్ళు వచ్చేలా ఉన్నాయి. "అది కాదన్నా వినకుండా ముందుకు తొయ్యి!"

"తోయడానికి శక్తి బ్యాటరీదే కావాలి, డాక్టర్ గారూ."

తెర మీద పోతురాజు మొహంలో నవ్వు పోయింది. ఏదో అరిచాడు. ఆ గాలిలో మాట వినబడలేదు, నోరు మాత్రం కనబడింది. పళ్ళు బిగించాడు. అలాంటి మొహం పోతురాజుకు ఉందని ఆ గదిలో చాలామందికి తెలియదు. చేతిలోని సత్తు గిన్నెను విసరబోయాడు. అతని చెయ్యి పైకి లేవకముందే డ్రోను పక్కకు తప్పుకుంది. గిన్నె గాలిలోంచి పోయి నీళ్ళలో పడింది. డ్రోను మళ్ళీ వచ్చి అంతకుముందున్న దూరంలోనే నిలబడింది. వెళ్ళిపోలేదు.

అతను తెడ్డు అందుకోవడానికి వంగాడు. వంగీ వంగకముందే డ్రోను తెడ్డు పొడవంత దూరం జరిగింది.

ఈలలేసినవాళ్ళు, వీపులు చరుచుకున్నవాళ్ళు అందరూ తెర వంకే చూస్తున్నారు. తరవాత ఒకరొకరుగా తలలు తిప్పి నాగవేణి వంక చూశారు. ఆమె కుర్చీలోంచి లేచి మళ్ళీ గుమ్మం పక్కకు, గోడ దగ్గరికి వెళ్ళి నిలబడి ఉంది. ఆమె చూపు తెర మీద లేదు. నేల మీద ఉంది.

డ్రోను కొంచెం పైకి లేచి, గాలి వచ్చే వైపు తిరిగి, బెల్టును నీళ్ళ మీద వదిలింది. బెల్టు గాలికి కొట్టుకుంటూ, తేలుతూ వెళ్ళి పడవకు తగిలింది. పోతురాజు దాన్ని లాక్కుని మెడలో వేసుకున్నాడు.

"ఇది నేర్పలేదే. మా పాఠాల్లో ఇది లేదు," అంది వకుళ.

"నా కోడలు మొగుడికి అన్నం కంచం కూడా అట్టానే జరిపిద్ది," అంది తిరుపతమ్మ మెల్లగా. "గుమ్మం కాడ పెట్టి, కాలితో తోసి."

ఆ మాట వకుళకు ఒక్కదానికే వినబడింది. ఆమె తిరుపతమ్మ వంక చూసింది. ముసలామె తన ఎడమ మణికట్టును కుడిచేత్తో రుద్దుకుంటోంది. ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్నట్టుంది. అది ఏ కాలపు దెబ్బో, ఎవరి చెయ్యో వకుళ అడగలేదు.

గస్తీ బోటు వచ్చేదాకా డ్రోను అక్కడే ఉంది. దాని దీపాన్ని బట్టే బోటు వాళ్ళు దారి పట్టుకుని వచ్చారు.

సందెవేళకు పోతురాజును గట్టు దగ్గర దింపారు. గదిలో వాళ్ళంతా బయటికి వచ్చారు. దుప్పటి కప్పుకుని, అందరికీ తెలిసిన నవ్వు నవ్వుతూ మెట్లెక్కాడు. "ఏం మిషన్ పంపారయ్యా బాబూ! దాని దుంప తెగ! చెయ్యి చాపితే ఎనక్కి పోద్ది, తిడితే పక్కకి పోద్ది, పోనీ పోయిందా అంటే పోదు. సముద్రం మధ్యలో నాతో దాగుడుమూతలాడింది!"

మామూలుగా అయితే ఆ మాటకు గట్టంతా నవ్వేది. ఎవరూ నవ్వలేదు. పోతురాజు అది అలసట అనుకున్నాడేమో, నాగవేణి వైపు తిరిగాడు.

"ఏమే, బయపడ్డావా?" అంటూ చెయ్యి చాపి రెండడుగులు వేశాడు.

నాగవేణి వెనక్కి జరిగింది. ఎంత దూరం జరిగిందో అక్కడున్న ప్రతి ఒక్కరూ ఇందాకే తెర మీద చూసి ఉన్నారు.

అతను ఇంకో అడుగు వేయబోయాడు. తిరుపతమ్మ లేచి ఇద్దరి మధ్యకు వచ్చింది. కొడుకు కోసం పొద్దుటి నుంచి ఏడ్చి ఆమె కళ్ళు వాచి ఉన్నాయి.

"ఒరే, ఆడే ఆగు," అంది.

"ఏందమ్మా?"

"ఆడే ఆగమన్నానా?"

అప్పుడే మూడో డ్రోను తిరిగొచ్చింది. గట్టు మీద గాలిలో నిలబడింది. దిగలేదు.

"దించుడుగీత పక్కనున్న మనిషి తప్పుకోవాలి," అంది పలుకు, గది చూరుకున్న మైకులోంచి.

గీత పక్కనున్నది పోతురాజు. నాంచారయ్య గొంతు సవరించుకున్నాడు. ఇందాక తెర మీది గాలినంతా అరిచి తిట్టిన ఆ గొంతు ఇప్పుడు చాలా మామూలుగా ఉంది.

"పక్కకి జరగరా," అన్నాడు.

పోతురాజు నవ్వుతూ ఒకడుగు జరిగాడు. డ్రోను దిగలేదు.

"ఇంకా."

ఇంకో అడుగు జరిగాడు. నవ్వు సగమైంది. "ఏందన్నా ఇది?"

"ఇంకా జరుగు," అన్నారు వెనక నుంచి. ఎవరో ఆడమనిషి గొంతు. ఆ తరవాత ఇంకో గొంతు, "ఇంకా," అంది. ఆ తరవాత ఎవరి గొంతు ఏదో తెలియలేదు. అతను ఒక్కొక్క మొహం వంక చూస్తూ, అడుగు తరవాత అడుగు వెనక్కి వేస్తూ, గట్టు చివర పాత లంగరు రాయి దాకా వెళ్ళాడు. అప్పుడు డ్రోను నిదానంగా కిందికి వచ్చి, గీతలోనే, నాగవేణి కాళ్ళ దగ్గర దిగింది. రెక్కలు ముడుచుకుంది.

"దీన్ని బాగు చేయటానికి లేదంటారా, డాక్టరమ్మా?" అని నాంచారయ్య అడిగాడు. దేని గురించి అడుగుతున్నాడో అతనికే సరిగా తెలియనట్టుంది.

"బ్యాటరీనైతే అక్కర్లేదు," అంది వకుళ.

"మూడో బ్యాటరీ వివరాల్లో అలసట అని ఉంది. అలాగే ఉంచమంటారా?" అని పలుకు అడిగింది.

"తీసెయ్."

"ఏమని రాయమంటారు?"

వకుళ నాగవేణి వంక చూసింది. నాగవేణి వంగి, డ్రోను ఒంటి మీది ఉప్పు నురగను కొంగుతో తుడుస్తోంది. తిరుపతమ్మ కొడుకు వైపు వెళ్ళలేదు. కోడలి పక్కనే, ఆమెకు ఒకడుగు ఎడంగా నిలబడి ఉంది. ఏమని రాయాలో ఆ అమ్మాయిని అడిగి రాయాలి. అడగాలన్న ఆలోచన ఇంతకుముందు ఎవరికీ రాలేదు.

వకుళ నోరు తెరవబోయేంతలో గట్టు ఇంకో చివర ఝుమ్మని చప్పుడైంది.

"రెండో బ్యాటరీ పరీక్షలన్నీ పూర్తి చేసుకుంది. ఇప్పుడు వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నానంటోంది," అంది పలుకు.

దాన్ని ఆపమని వకుళ చెప్పలేదు. గాలి పడిపోయింది. గట్టు మీదున్న వాళ్ళంతా, ఎప్పుడో వెళ్ళాల్సిన ఆ డ్రోను తీరిగ్గా రెక్కలు విప్పుకుని ఖాళీ సముద్రం వైపు లేవడం తలలెత్తి చూస్తూ నిలబడ్డారు.